కాశీ చెంబులో కరెంటు

జ్ఞాపకాలు రాయాలంటే కనీసం మోకాళ్ల నొప్పులైనా ఉండాలని మా అమ్మ అభిప్రాయం. నాకింకా ముప్పై నిండలేదు. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఆత్మకథకు పనికొచ్చే కష్టం ఒక్కటీ పడలేదు. అయినా రాస్తున్నాను. పోయిన నెల బెజవాడ గవర్నర్‌పేటలో మా ఆఫీసుకు ఒకమ్మాయి మెడలో కార్డు వేసుకుని, చిన్న పెట్టె పట్టుకుని వచ్చింది. రెండు గాజుగ్లాసులు బల్ల మీద పెట్టి, ఒకదాంట్లో మా కొళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన సీసా నీళ్లు పోసింది. రెండింట్లోకీ రెండేసి కడ్డీలు దించి స్విచ్చి వేసింది. కాసేపటికి మా కొళాయి నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి, పైన ఆకుపచ్చ తెట్టు కట్టింది. సీసా నీళ్లు మాత్రం ఏమీ ఎరగనట్టు తెల్లగా నిలబడ్డాయి. పొద్దుటి నుంచి ఆ కొళాయి నీళ్లే తాగుతున్న మా మేనేజరు గారు పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. అందరూ గ్లాసు వంకే చూస్తుంటే నేను మాత్రం వాసన పీలుస్తూ నిలబడ్డాను. తడిసిన ఇనుము వాసన. ఆ అమ్మాయితో నేనేం మాట్లాడానన్నది వేరే సంగతి. ఆ వాసనకు నాకు ఉన్నట్టుండి పద్నాలుగేళ్లు వచ్చేశాయి, అది మాత్రం చెప్పుకోవాలి.

ఆ వయసులో మా పటమట ఇల్లంతా నాయనమ్మ నీళ్ల చుట్టూ తిరిగేది. ఆవిడ పుట్టింది పామర్రు పక్కన ఒక పల్లెలో. చిన్నప్పుడు తాగినవన్నీ కాలువ నీళ్లే. కాలువకు కొత్తగా నీళ్లు వదిలినప్పుడు అవి టీ రంగులో వచ్చేవట. కుండ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసి వదిలేస్తే పొద్దుటికి మట్టంతా అడుక్కి దిగి పైన తేట నిలిచేదట. మనకు బియ్యంలో రకాలు తెలిసినట్టు ఆవిడకు నీళ్లలో రకాలు తెలుసు. ఎవరింటికి వెళ్లినా కాఫీ కంటే ముందు మంచినీళ్లు అడిగేది. ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు ఆగి, మింగి, "బోరు కలిపారా?" అనేది. ఆ ఇంటివాళ్లు దొంగతనం ఒప్పుకుంటున్నట్టు తలవంచుకుని "కొంచెమేనండీ" అనేవాళ్లు. ఆవిడతో పెళ్లిళ్లకు వెళ్లడం మా అమ్మకు అందుకే ఇష్టం ఉండేది కాదు.

మాకు కొళాయి తెల్లవారుజామున ఐదున్నరకు వచ్చేది. మొదటి బకెట్టు మొక్కలకు. "రాత్రంతా గొట్టంలో పడుకుని లేచిన నీళ్లే అవి, మొహం కడుక్కోనివ్వండి" అనేది నాయనమ్మ. ఆ తరవాతి నీళ్లను తాతయ్య పాత పంచె నాలుగు మడతలు వేసి ఇత్తడి బిందెల్లోకి వడగట్టాలి. బిందెల మీద మూతలు పెట్టకూడదు, పల్చటి గుడ్డ మాత్రమే కట్టాలి. కొళాయి నీళ్ల బ్లీచింగ్ వాసన పోవడానికి ఒక పగలూ ఒక రాత్రీ గడువు ఇచ్చేది. మర్నాడు ఆ నీళ్లు వీధి గేటు ముందు తాటాకు పందిట్లో ఉన్న మూడు కుండల్లోకి వెళ్లేవి. కుండలు తడి ఇసుకలో కూర్చుని ఉండేవి. వాటి నడుముకు తడిపిన గోనెగుడ్డ, లోపల వట్టివేళ్ల కట్ట. వేసవిలో మా ఇంట్లో నాకంటే ఆ కుండలకే ఎక్కువసార్లు స్నానం.

ఆ పందిరే నాయనమ్మ చలివేంద్రం. ఉగాది వెళ్లగానే లేచేది, తొలకరి పడ్డాక దిగేది. దాని వెనక ఏదో విషాదం ఉంటుందని మీరనుకుంటూ ఉంటారు, తాతయ్య ఎండదెబ్బకు పోయారనో ఏదో. అదేం లేదు. తాతయ్య వానాకాలంలో, ఫ్యాను కింద, భోజనం చేసి పడుకుని పోయారు. నాయనమ్మ చలివేంద్రం పెట్టింది దారినపోయేవాళ్లను ఎక్కడికి వెళ్తున్నారని అడగడానికి. ఊరికే అడిగితే బాగోదు కదా, అందుకని నీళ్లు పోస్తూ అడిగేది. పొడుగు కాడ ఉన్న ఇత్తడి గరిటెతో దోసిట్లోకి సన్నగా ధార వదిలేది. ధార ఆగేలోపు ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసే ఆయన కూతురికి సంబంధం కుదిరిందీ లేనిదీ, ఆటో అబ్బాయి బండి ఎందుకు పొగ వదులుతోందో ఆవిడకు తెలిసిపోయేది. మా వీధికి పేపరు పొద్దున వచ్చేది, వార్తలు మధ్యాహ్నం వచ్చేవి.

తొమ్మిదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే పదో తరగతి పాఠాలు మొదలుపెట్టడం మా బడి ఆచారం. పిల్లలకు సెలవులిస్తే తెలివితేటలు ఆవిరైపోతాయని వాళ్ల భయం. ఒంటిపూట బడి, పైన రేకులు. రసాయనశాస్త్రం చెప్పే ఖాదర్ సార్ చొక్కా జేబు దగ్గర ఎప్పుడో యాసిడ్ పడి చిన్న చిల్లు ఉండేది. ఆయన దాన్ని డిగ్రీ పట్టా చూపించినట్టు చూపించేవారు. ఆ రోజు పాఠం ఉప్పునీటి విద్యుత్ విశ్లేషణ. అయిపోయిన టార్చిలైటు బ్యాటరీలు పగలగొట్టి, వాటి నడుమ ఉండే నల్ల కార్బన్ కడ్డీలు తీసి, ఒకటి ప్లస్సుకు ఒకటి మైనస్సుకు కట్టి, ఉప్పునీళ్ల గిన్నెలో దించారు. మైనస్సు కడ్డీ చుట్టూ సన్నటి బుడగలు. వాటిని పరీక్షనాళికలో పట్టి అగ్గిపుల్ల చూపిస్తే 'టప్' మంది. అది హైడ్రోజన్. వెనక బెంచీలు నిద్ర లేచాయి. ప్లస్సు కడ్డీ దగ్గర నన్ను వాసన చూడమన్నారు.

"ఏం వాసనమ్మా?"

"మా నాయనమ్మ బిందె వాసన సార్."

"కరెక్టు. క్లోరిన్. పరీక్షలో మాత్రం అలా రాయకు."

ఇంటికి వచ్చి ఉప్పులోంచి బ్లీచింగ్ వాసన వస్తుందని చెబితే నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఫీజులు కట్టేది ఇందుకా?" అంది.

మర్నాడు మా చేత చేయించారు. నా కార్బన్ కడ్డీ నా చేతిలోనే రెండు ముక్కలైంది. సార్ చూడకముందే బెంచీకి కొంచెం వదులుగా ఉన్న మేకు ఒకటి పీకి, దాన్ని ప్లస్సు తీగకు చుట్టి గిన్నెలో దించాను. వాసన రాలేదు. క్లోరిన్ బదులు మేకు చుట్టూ ఆకుపచ్చ తెర ఒకటి జారి, కాసేపటికి గిన్నెడు నీళ్లూ వరదకాలువలా అయిపోయాయి. ఖాదర్ సార్ వచ్చి గిన్నెలోకి చూసి, తరవాత నన్ను చూసి, అందరినీ పిలిచారు. "నీళ్లు మురికి కాదు. ఉప్పూ మురికి కాదు. ఈమె మేకు కరుగుతోంది. ప్లస్సుకు కట్టిన ఇనుము నీళ్లలోకి దిగిపోయి తుప్పై తేలుతుంది. కార్బన్‌కు ఆ జబ్బు లేదు" అన్నారు. నా దొంగతనం అలా పాఠమైపోయింది. మేకు పోయిన బెంచీ మర్నాడు ముగ్గురమ్మాయిలతో సహా కూలింది. దానికి మాత్రం ఆయన శాస్త్రీయ కారణం చెప్పలేదు, నన్ను నిలబెట్టారు.

ఆ వారంలోనే రవి బావ టై కట్టుకుని మా ఇంటికి వచ్చాడు. బావ మా మేనత్త కొడుకు, నాయనమ్మకు కూతురి కొడుకు. బీకాం పూర్తయి ఏడాది ఇంట్లో కూర్చున్నాక దొరికిన మొదటి ఉద్యోగం, నీళ్లు శుద్ధి చేసే మిషన్లు అమ్మడం. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి హాల్లో మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. నెలాఖరుకు పది ఆర్డర్లు తెస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. ఏప్రిల్ బెజవాడలో టైతో తిరిగేవాళ్లు కాన్వెంటు పిల్లలు, సేల్స్ వాళ్లే. ఆ టై కూడా మా నాన్న పెళ్లినాటిది. బావ చెమట తుడుచుకుంటూ, "అత్తా, ముందు మనవాళ్ల ముందు చేసి ధైర్యం తెచ్చుకుంటాను, వీధిలోవాళ్లని పిలవ్వా" అని మా అమ్మను బతిమాలాడు.

అమ్మ పిలిచింది. పక్కింటి రాజ్యలక్ష్మి ఆంటీని పిలిస్తే వీధిని పిలిచినట్టే. తొమ్మిదిమంది ఆడవాళ్లు మా హాల్లో చాప మీద కూర్చున్నారు. బావ పెట్టె తెరిచి కడ్డీలు, వైర్లు తీస్తుంటే అమ్మ, "నీళ్లూ కరెంటూ కలిపి పిల్లాడి చేతికిచ్చారు, అదేం కంపెనీ రా?" అంది. బావ వినిపించుకోలేదు. ట్రైనింగులో నేర్పిన గొంతుతో, "మీరు తాగే నీళ్లు ఒక గ్లాసు ఇవ్వండి మేడమ్" అన్నాడు. మేడమ్ అంటే నాయనమ్మ. ఆవిడ మురిసిపోతూ వెళ్లి పందిట్లోంచి స్వయంగా ముంచుకొచ్చింది.

"ఇదిగోరా, నా కుండలోవి. అల్లాటప్పా నీళ్లు కావు. మీ కంపెనీ వాళ్లకు కూడా చెప్పు."

బావ స్విచ్చి వేశాడు. ఎర్రబల్బు వెలిగింది. సీసా నీళ్ల గ్లాసులో ఏమీ లేదు. నాయనమ్మ గ్లాసులో ముందు ఆకుపచ్చ పోగు ఒకటి కిందికి జారింది. తరవాత పసుపు, ఆ తరవాత గోధుమ. రెండు నిమిషాలకు గ్లాసులో పాచి పట్టిన గుంట ఒకటి తయారై కూర్చుంది. బావ కంఠతా పట్టింది అప్పజెప్పాడు: "చూశారా మేడమ్, మీరు రోజూ తాగుతున్నది ఇదే."

 రాజ్యలక్ష్మి ఆంటీ గొంతు పట్టుకుని, "అయ్యో పిన్నిగారూ, నిన్న కూడా మీ పందిట్లో రెండు గ్లాసులు తాగానండీ" అంది. బావకు అక్కడికక్కడే నాలుగు ఆర్డర్లు వచ్చాయి. సంతోషం పట్టలేక అమ్మమ్మ కాళ్లకు దండం పెట్టాడు. ఆవిడ వాడి తల మీద చెయ్యి వేసి, గ్లాసు తీసుకుని, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, పెరట్లో పారబోసి, గ్లాసు చింతపండుతో తోమి వాడికి తిరిగి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం పందిట్లో మూడు కుండలూ బోర్లా పడి ఉన్నాయి. ఎప్పటిలాగే వచ్చిన ఆటో అబ్బాయి, "ఏం మామ్మగారూ, ఇవాళ సెలవా?" అన్నాడు. "నీళ్లు బాలేవు బాబూ" అంది నాయనమ్మ, ఎక్కడికని అడగకుండా. సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మతో మెల్లగా అంది: "పాతికేళ్ల నుంచి పోస్తున్నానే. ఎంతమందికి పోశానో ఆ బురద. చంటిపిల్లల తల్లులు కూడా తాగారు."

"ఊరుకోండి అత్తయ్యగారూ, ఎవరూ పోలేదుగా" అంది అమ్మ. ఓదార్చడంలో మా అమ్మ పద్ధతి అది.

ఒక జోకు వేసి నవ్విద్దామని ఆ రోజే ప్రయత్నించాను. రాలేదు. నాయనమ్మ నీళ్ల రుచి చూడడం మానేసింది. ఏ గ్లాసు ఇస్తే అది గటగటా తాగి కింద పెట్టేసేది. పెరట్లో బోరు నీళ్లు ఇచ్చినా తాగేసేలా ఉంది. కొళాయి వచ్చినా లేవలేదు. మొదటి బకెట్టు ఎవరికీ కాకుండా పోయింది. తాతయ్య పంచె తాడు మీద ఎండి అట్టకట్టింది. నాలుగు రోజులు మా ఇంట్లో ఎవరి మీదా ఏ నేరమూ మోపబడలేదు. అంత భయంకరమైన ప్రశాంతత నేను మళ్లీ చూడలేదు.

నాకు ఆ గ్లాసు రంగు ఎక్కడో చూసినట్టే ఉంది. రెండో రోజు రాత్రి అన్నం తింటూ ఉంటే గుర్తొచ్చింది. బెంచీ మేకు! మర్నాడు బడి గంట కొట్టకముందే ఖాదర్ సార్ దగ్గరికి పరిగెత్తి మొత్తం చెప్పాను. ఆయన తీరిగ్గా విన్నారు.

"మీ బావ కడ్డీలు దేనివి?"

"ఒకటి నల్లగా బరువుగా ఉంది సార్. ఇనుము. రెండోది తెల్లగా తేలిగ్గా ఉంది, అల్యూమినియం అనుకుంటా."

"మరి ఆయన సీసా నీళ్లలో అవే కడ్డీలు ఎందుకు కరగలేదు?"

కాసేపు ఆలోచించాను. "ఆ నీళ్లలో ఉప్పులన్నీ తీసేశారు సార్. ఉప్పు లేకపోతే కరెంటు నడవదు. కరెంటు నడవకపోతే ఇనుము దిగదు."

"అయితే?"

"ఆ గ్లాసులో ఉప్పు వేస్తే..."

"నోటితో చెప్పకు, చేసి చూడు" అంటూ ఆయన లాబొరేటరీ అలమారా తెరిచి, చెంచాడు ఉప్పు మందుపొట్లంలా కట్టి ఇచ్చారు. మా ఇంట్లో ఉప్పు ఉంది సార్ అన్నాను. "మీ ఇంటి ఉప్పులో అయోడిన్ ఉంటుంది. మీ బావ తెలివైనవాడైతే దాని మీదికి నెట్టేస్తాడు" అన్నారు. బావ మీద ఆయనకు నాకంటే ఎక్కువ నమ్మకం.

ఆదివారం రాజ్యలక్ష్మి ఆంటీ ఇంట్లో బావ రెండో ప్రదర్శన. కావలసినవి ఇంకా ఆరు ఆర్డర్లు, హాల్లో ఉన్నవాళ్లు ఏడుగురు. నాయనమ్మ రానంటే ఆంటీ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆవిడ గుమ్మం పక్క కుర్చీలో విసనకర్ర పట్టుకుని ఒదిగి కూర్చుంది. బావ గ్లాసులు పెట్టాడు. ఆంటీ ఇంటి కొళాయి నీళ్లు యథాప్రకారం బురదయ్యాయి, సీసా నీళ్లు యథాప్రకారం తెల్లగా ఉన్నాయి. "మేడమ్" అని వాడు మొదలుపెట్టేలోపు నేను లేచి పొట్లం విప్పి తెల్లనీళ్ల గ్లాసులో వేసి చెంచాతో తిప్పాను.

"ఏయ్ సుధా, ఏంటే అది?"

"ఉప్పు బావా. నువ్వు స్విచ్చి తియ్యకు."

బల్బు మునుపటికంటే గట్టిగా వెలిగింది. కడ్డీ చుట్టూ నురగలు పొంగాయి. కొళాయి నీళ్లకంటే చిక్కగా, సాంబారులా తయారయ్యాయి ఆ మంచినీళ్లు. నేను విజయం సాధించినదానిలా హాలంతా కలయజూసి, ప్లస్సు, మైనస్సు, ఇనుము కరగడం, కార్బన్ కరగకపోవడం అన్నీ చెప్పాను. బెంచీ మేకు సంగతి కూడా చెప్పాను. చప్పట్ల కోసం ఆగాను.

"బంగారంలాంటి నీళ్లు, ఉప్పేసి పాడుచేశావు కదే" అంది రాజ్యలక్ష్మి ఆంటీ.

"అంటే మనం తినే ఉప్పు ఇంత మురికన్నమాట" అంది వెనక నుంచి ఎవరో.

"ప్యాకెట్ ఉప్పు అంతేనండీ. మా అత్తగారు కళ్లుప్పే వాడేవారు, తొంభై ఏళ్లు బతికారు."

ఐదు నిమిషాల్లో వీధి మొత్తం కళ్లుప్పుకు మారాలని తీర్మానం అయింది. నా శాస్త్రం అక్కడ దిక్కులేకుండా నిలబడింది. ఆ తీర్మానంలో కలవనివాళ్లు ఇద్దరే. బావ కడ్డీని పైకి తీసి, సన్నబడ్డ కొసను వేలితో తడుముతున్నాడు. నాయనమ్మ విసనకర్ర ఆపేసి ఆ కొసనే చూస్తోంది.

"రాజ్యం, మీరు కాశీ నుంచి తెచ్చుకున్న గంగ ఇంకా ఉందా?"

"ఉంది పిన్నిగారూ, దేవుడి గదిలో. అరచెంబు."

"పట్రా."

"ఎందుకండీ?"

"వీడి మిషన్లో పెడదాం."

 ఆంటీ రెండు చెంపలూ వాయించుకుని, "అపచారం పిన్నిగారూ!" అంది.

"ఏం అపచారం? మంచిదైతే మంచిదంటుంది. భయం గంగకా, నీకా?"

ఆ మాటకు వెనక్కి తగ్గడం ఆంటీ వల్ల కాలేదు. కాళ్లు కడుక్కుని, గ్లాసు మూడుసార్లు తోమి, రాగి చెంబు తెచ్చి, కళ్లకద్దుకుని, పాలు కొలిచినట్టు వంచింది. బావ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అమ్మమ్మా, వద్దు."

"వెయ్యరా స్విచ్చి."

వేశాడు. అందరూ దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, కాకపోతే నా మొక్కు వేరే. గంగ గోధుమరంగుకు తిరగాలని మొక్కుకున్నది భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఒక నిమిషం గడిచింది. నల్లకడ్డీ మొదట్లోంచి ఆకుపచ్చ పోగు ఒకటి మెల్లగా జారింది. తరవాత పసుపు. తరవాత, ఏ తేడా లేకుండా, పటమట కొళాయిలాగే, మా కుండలాగే, గోధుమ. ఆంటీ కళ్లు మూసుకుని "గోవిందా" అంది. నాయనమ్మ తెట్టు పూర్తిగా కట్టే దాకా ఆగింది.

"ఇప్పుడు చెప్పు రాజ్యం. గంగ మురికా, మిషన్ అబద్ధమా?"

ఆలోచించడానికి ఆంటీకి క్షణం కూడా పట్టలేదు. "మిషనేనండీ!"

"మిషనే, మిషనే" అంది హాలంతా. ఇనుము కరుగుతుందని ఇందాక నేను చెప్పినప్పుడు ఉప్పు బ్రాండు మార్చుకోబోయిన మనుషులే, "అదేగా ఆ పిల్ల మొత్తుకుంటోంది, కడ్డీ కరుగుతుందని" అన్నారు. "నేను ముందే అనుకున్నా" అంది ఆంటీ. ఆ గ్లాసులో మిగిలిన గంగను ఏం చెయ్యాలన్నది తరవాతి అరగంట చర్చ. కరెంటు పెట్టినా గంగ గంగేనని తేల్చి తులసికోటలో పోశారు. ఇనుము పడ్డందుకో ఏమో, తులసి ఆ ఏడాది ఏపుగా పెరిగింది. ఆంటీ ఇప్పటికీ దాన్ని కాశీ మహిమే అంటుంది. నేను వాదించను.

బావ వరండా మెట్ల మీద పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పది కావలసిన చోట నాలుగు మిగిలాయి, ఆ నాలుగూ ఉంటాయన్న నమ్మకం లేదు. నాయనమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"నీకు ముందే తెలుసా రా?"

"ఒట్టు అమ్మమ్మా, తెలీదు. ట్రైనింగులో మా అందరి ఇళ్ల నీళ్లూ తెప్పించి ఇలాగే చూపించారు. నాకే భయమేసి, ఆ రోజు నుంచి కాచిన నీళ్లే తాగుతున్నా. అమ్మ గ్యాస్ అయిపోతోందని తిడుతోంది."

నాయనమ్మ నవ్వింది. మామూలుగా కాదు, విసనకర్ర కింద పడేసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని, వరండా స్తంభానికి ఆనుకుని నవ్వింది. వాడు ముందు మొహం మాడ్చుకున్నాడు, తరవాత వాడూ నవ్వాడు. సోమవారం వాడే ఆఫీసుకు వెళ్లి, తెల్లనీళ్లలో ఉప్పు వేస్తే ఎందుకు రంగు మారుతుందని అడిగాడట. అలాంటివి అడగకూడదన్నారట. వాడు పెట్టె, కార్డు, టై అక్కడే వదిలేసి వచ్చాడు. టై మా నాన్నదన్న సంగతి ఆవేశంలో గుర్తులేదు.

మర్నాడు మధ్యాహ్నం కుండలు కడిగి నిలబెట్టాం. బిందెలు బావ మోశాడు. నాయనమ్మ పందిట్లో కూర్చుంది. గంట గడిచినా ఎవరూ ఆగలేదు. నీళ్లు బాలేవని నాలుగు రోజుల్లో ఆటోనగర్ దాకా పాకిపోయింది. ఆటో అబ్బాయి బండి కొంచెం నెమ్మది చేసి, నవ్వి, వెళ్లిపోయాడు. నాయనమ్మ గరిటె ఒళ్లో పెట్టుకుని, ఇసుకలో వేలితో గీతలు గీస్తోంది. నేను గేటు పట్టుకుని ఊగుతూ దారినపోయేవాళ్లకు విద్యుత్ విశ్లేషణ ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు పక్కింటి తలుపు తెరుచుకుంది. రాజ్యలక్ష్మి ఆంటీ పట్టుచీర కట్టుకుని, గొడుగు వేసుకుని బయటికి వచ్చింది. తన గేటులోంచి నేరుగా మా గేటులోకి రాకుండా, అంత ఎండలో రోడ్డు మధ్యకు నడిచి అక్కడి నుంచి పందిరి ముందుకు వచ్చింది. "పిన్నిగారూ, దాహమేస్తోందండీ!" అని సిటీబస్సులో వాళ్లకు కూడా వినపడేలా అరిచింది. గొడుగు నాకిచ్చి, దోసిలి పట్టి, ఆగకుండా తాగింది. తాగినంతసేపూ రోడ్డు మీదివాళ్లు చూస్తున్నారో లేదో ఓరకంట చూస్తూనే ఉంది. మూతి తుడుచుకుని, "గంగలా ఉన్నాయండీ" అంది. రోడ్డు అవతల ఆటో ఆగింది. దాని వెనక ఇంకొకటి. సాయంత్రానికి మూడు కుండలూ ఖాళీ. బావ రెండో వాయి బిందెలు మోస్తూ నడుం పట్టుకుని, "ఉద్యోగమే నయం అమ్మమ్మా" అన్నాడు.

నిజం చెప్పాలంటే, ఆ తరవాత రెండేళ్లకు మేమూ నీళ్ల మిషన్ కొన్నాం. మిషన్ల మీద నాకు పగేం లేదు, ఆ కడ్డీల నాటకం మీదే. మా అమ్మ కాఫీకి మిషన్ నీళ్లు, నాయనమ్మకు కొళాయి నీళ్లు, ఇంట్లో రెండు మతాలు నడుస్తున్నాయి. బావ ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తున్నాడు. పొద్దున్నే చెరువుల చుట్టూ తిరిగి నీళ్లలో ఉప్పు శాతం చూసి రైతులకు చెబుతాడు. ఏ చెరువు ఎంత ఉప్పగా ఉందో చిన్న మీటరుతో కొలిచి, ఆ పైన వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటాడు. ఖాదర్ సార్ ఎక్కడ కనబడినా "మేకు బాగుందా?" అని అడుగుతారు. అప్పటితో పోలిస్తే ఇప్పుడు మా రోడ్డులో దాహం తగ్గిందో, నమ్మకం తగ్గిందో తెలియదు. ప్రతి షాపులో ఇరవై లీటర్ల క్యాను తలకిందులుగా కూర్చుని ఉంది, ప్రతి భుజానికీ సీసా వేలాడుతోంది. అప్పట్లో నాలుగు రోజుల పుకారుకు మూడు కుండలు బోర్లా పడ్డాయి. ఇప్పుడు పుకారు అక్కర్లేదు, కుండను చూస్తేనే అనుమానం. అయినా నాయనమ్మ ఏటా పందిరి వేయించడం మానలేదు. ఎనభై దాటింది, బిందెలు ఎత్తలేదు, కుర్చీలో కూర్చుని గరిటె మాత్రం తనే పట్టుకుంటుంది. మూడు కుండలు రెండయ్యాయి, ఆ రెండూ సాయంత్రానికి ఖాళీ అవుతున్నాయి. అది చాలు.

మొన్న ఆదివారం నేను పందిట్లో ఆవిడ పక్కన కూర్చుని ఉండగా, పార్సిళ్లు చేరవేసే అమ్మాయి ఒకతె స్కూటరు ఆపింది. ఎండకు మొహం కందగడ్డలా ఉంది, సీసా ఖాళీ. కుండల వంక చూసి, గ్లాసు అందుకోబోయి ఆగింది.

"మామ్మగారూ, ఈ నీళ్ల టీడీఎస్ ఎంతండీ?"

నాయనమ్మ నా వైపు చూసింది. ఇన్నేళ్లకు నా వంతు వచ్చింది కదా అని నేను గొంతు సవరించుకుని, టీడీఎస్ అనే ఆ కరిగిన ఉప్పుల లెక్క గురించి పావుగంట ఉపన్యాసానికి ఊపిరి పీల్చాను. ఆవిడ ఆగలేదు.

"ఎంతో నాకూ తెలీదమ్మా. ఆ హెల్మెట్ తీసి, ముందు తాగు."

ఆ అమ్మాయి తాగింది. ఇంకో గ్లాసు పట్టింది, అదీ తాగింది. సీసా కూడా నింపుకుంది.

"ఎంతుంది?" అని అడిగింది నాయనమ్మ.

"సరిపోయిందండీ" అని, మూతి తుడుచుకుని, స్కూటరు స్టార్ట్ చేసింది.